తమ్ముడి దరువు

బస్టాండుకి వచ్చేవాళ్ళందరికీ ఆమె గొంతు తెలుసు, మొహం మాత్రం ఎవరికీ తెలియదు. ప్లాట్‌ఫారాల పైన, మెట్లెక్కి వెళ్తే ఎడమచేతి వైపు ఓ అద్దాల గది ఉంటుంది. అందులో ఒక బల్ల, ఒక మైకు, కదిలితే చాలు కిర్రుమనే ఒక తిరుగుడు కుర్చీ. పొద్దుటి షిఫ్టులో ఆ కుర్చీలో కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఏది ఆలస్యమో, ఎవరి పిల్లాడు విచారణ కిటికీ దగ్గర ఏడుస్తూ నిలబడ్డాడో ఆమె చెబుతుంది. నిద్రమొహాల జనం కూడా ఒక్కసారి వింటే అందుకుంటారు. ప్రతి మాటా విడదీసి, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పడం ఆమె ఉద్యోగం. అందరూ ఆమెను అనౌన్సరమ్మ అంటారు. మనమూ అలాగే అందాం.

అలాంటి మనిషి సాయంత్రం పూట స్టేజీ ఎక్కి పాడితే ఒక్క ముక్క కూడా ఎవరికీ అర్థమయ్యేది కాదంటే నమ్ముతారా? నమ్మాలి. దానికి కారణం ఆమె బావ. అసలీ కథంతా బావ మీద కోపమే. మధ్యమధ్యలో కాస్త సంగీతం ఉంటుంది, అంతే.

మొదట్లో ఇలా లేదు. నాన్న పోయాక బళ్ళు బాగుచేసే రేకుల షెడ్డు తమ్ముడి చేతికొచ్చింది. ఆదివారాలు షట్టరు సగం దించి, గ్రీజు మరకల నేల మీద గోనెసంచులు పరిచి అక్కడే వాయించేవాళ్ళు. తమ్ముడు డ్రమ్స్. పెద్దక్క మొగుడు, అంటే బావ, గిటారు. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే పొడుగాటి మనిషి ఒకతను బేసు గిటారు. అతను ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. అనౌన్సరమ్మ పాట. పెద్దక్క ఏమీ వాయించదు, బోర్డు దగ్గర కూర్చుంటుంది. అందరి తీగలూ వచ్చి చేరే పలక అది. ఎవరి చప్పుడు ఎంత బయటికి వెళ్ళాలో తేల్చే మీటలన్నీ దాని మీదే ఉంటాయి.

బ్యాండు పేరు కూడా ‘రేకుల షెడ్డు’ అనే పెట్టుకున్నారు. గరాజ్ రాక్ అని సంగీతంలో పెద్దవాళ్ళు పేరు పెట్టినదాన్ని వీళ్ళు నిజంగానే గరాజులో వాయించారు. గిటారు మీద మూడే పట్లు, పగిలిన స్పీకరు, వెనకాల కుక్క తరుముతున్నంత వేగం. తమ్ముడు పెద్ద డ్రమ్ము మీద కాలు వేసినప్పుడల్లా నెత్తి మీద వదులైన రేకొకటి జల్లుమని వణికేది. బోల్టు బిగించరా అని బావ విసుక్కునేవాడు. “అదీ మన బ్యాండులో మనిషే బావా, ఉండనీ” అని తమ్ముడు నవ్వేవాడు. పాటలు అనౌన్సరమ్మే రాసేది. టికెట్టు లైన్లో దూరేవాడి మీద ఒకటి, అద్దె పెంచిన ఇంటాయన మీద ఒకటి. ఆమె పాడుతుంటే షెడ్డు బయట పంక్చరు కోసం ఆగినవాళ్ళు కూడా ఇంటాయనను కలిసి తిట్టేవాళ్ళు. ఆ రోజుల్లో బావ మంచివాడే. ఈ మాట ఒప్పుకోవడం ఆమెకి ఇష్టం ఉండదు.

తర్వాత బావ పాదాల దగ్గర చిన్నచిన్న ఇనప డబ్బాలు మొలవడం మొదలైంది. ఒకటి తొక్కితే గిటారు బొంగురుపోతుంది. ఇంకోటి తొక్కితే బావిలోంచి పిలిచినట్టు మోగుతుంది. మరోటి తొక్కితే వాయించిన ముక్కే మళ్ళీ మళ్ళీ తిరిగొస్తుంది. అన్నీ కలిపి తొక్కితే ఇక గిటారంటూ ఉండదు, గది నిండా దట్టమైన పొగలాంటి మోత ఒక్కటే. బావ తలెత్తడం మానేశాడు. పాట మొదలైన దగ్గర్నుంచి అయ్యేదాకా ఆ డబ్బాల వంకే చూపు. ఈ బాణీని షూగేజ్ అంటారని, బూట్ల వంక చూస్తూ వాయిస్తారు కాబట్టి ఆ పేరొచ్చిందని ఓ రోజు గొప్పగా వివరించాడు. “ఏం పారేసుకున్నాడక్కా అక్కడ?” అని తమ్ముడు అనౌన్సరమ్మ చెవిలో గొణిగాడు.

ఆ తర్వాత గోడ మీద రంగులొచ్చాయి. నీళ్ళ మీద నూనె తేలినట్టు ఊదా, పసుపు, ఎరుపు కలిసిపోతూ పారే బొమ్మలు, వాటికి తగ్గట్టు ఎప్పుడు అవుతుందో తెలియని పాటలు, రికార్డు చేసి వెనకనుంచి ముందుకి తిప్పిన గిటారు మోత. సైకెడెలిక్ అంటే ఇదేనన్నాడు బావ. బ్యాండు పేరు ‘మసక’ అని మార్చాడు. ఎవరినీ అడగలేదు. నిజం చెప్పుకోవాలంటే ఆ మోత బాగానే ఉండేది. కళ్ళు మూసుకుంటే మనిషి కాస్త నేల వదిలినట్టుండేది. అనౌన్సరమ్మకి కూడా మొదట నచ్చింది, తన మాటలు అందులో మునిగిపోయాయని తెలిసేవరకూ.

“బావా, నేను పాడేది ఒక్కటీ వినబడట్లేదు.”

“వినబడకూడదు. గొంతు కూడా పొగలో కలిసిపోవాలి. నువ్విక్కడ బస్సులు పిలవట్లేదు.”

ఆ మాట ఆమెకి గుచ్చుకుంది. గుచ్చుకున్నా మింగేసింది. తన సంగతైతే ఎంత దూరమైనా మింగగలదు.

తమ్ముడి సంగతి వేరు. ఒక ఆదివారం బావ షెడ్డుకి మైకులన్నీ మోసుకొచ్చి, డ్రమ్స్ చుట్టూ నిలబెట్టాడు. “నీ దరువులన్నీ విడివిడిగా వాయించరా. మెల్లగా, గట్టిగా, రకరకాలుగా. మాకు ప్రాక్టీసుకి పనికొస్తాయి” అన్నాడు. తనను ఇంత శ్రద్ధగా వినేవాళ్ళు దొరికారని తమ్ముడు పొంగిపోయాడు. మధ్యాహ్నమంతా చెమటలు కారుతూ వాయించాడు. పెద్దక్క బోర్డు దగ్గర కూర్చుని రికార్డు మీట నొక్కింది. అప్పుడప్పుడు లేచి తువ్వాలుతో వాడి మొహం తుడిచింది. అమ్మ పోయినప్పుడు వాడికి పాలపళ్ళు కూడా ఊడలేదు. తల దువ్వి, బొత్తాలు పెట్టి బడికి పంపింది పెద్దక్కే. కూతురి పెళ్ళిలో ఏడ్చే తల్లుల్ని చూశాం గానీ, అక్క పెళ్ళిలో వాడేడ్చినంత ఏడుపు ఎవరూ చూసుండరు.

కొన్నాళ్ళకి బావ లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. మీట నొక్కితే అందులోంచి డ్రమ్స్ మొదలయ్యాయి, నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టు మెత్తగా, ఆగకుండా. “ఇక నువ్వు శ్రమపడక్కర్లేదు, షెడ్డు చూసుకో” అన్నాడు బావమరిదితో, ఏదో మేలు చేస్తున్నట్టు. తమ్ముడు సరేనన్నాడు. డ్రమ్స్ మీద బండి కప్పే పట్టా కప్పి, కార్బురేటరు విప్పుకుంటూ కూర్చున్నాడు. వాడికి కోపం రాదు. వాడికి రావాల్సిన కోపం కూడా అనౌన్సరమ్మకే వచ్చింది.

ఎందుకంటే మరుసటి షోలో ఆమె విన్నది. లాప్‌టాప్‌లో పెద్ద డ్రమ్ము మోగిన ప్రతిసారీ దాని వెనకే రేకు వణికింది. ఆ వణుకు ప్రపంచంలో ఇంకెక్కడా దొరకదు. తమ్ముడు వాయించిందే బావ ముక్కలు కోసి, అతికించి, చుట్టూ తిప్పుతున్నాడు. ఆల్బం వచ్చాక అట్ట వెనక చూసుకుంటే ‘డ్రమ్స్’ అన్నచోట బావ పేరుంది. పేపర్లో ఒకాయన ‘ఆ యంత్రపు దరువులో వెండి జలదరింపు’ అంటూ పొగిడాడు. బావ ఆ ముక్క కత్తిరించి గోడకి అంటించుకున్నాడు.

ఆమె నేరుగా వెళ్ళి అడిగింది. “తమ్ముడి పేరు వెయ్యి బావా. అందరి ముందూ ఒక్కసారి చెప్పు, వాయించింది వాడని. నేనింకేమీ అడగను.”

“రేకు చప్పుడుకి కూడా పేరు వేస్తారా?” అని నవ్వాడు బావ. “వాడిచ్చింది ముడిసరుకు. పాట చేసింది నేను. అయినా నీకెందుకు ఈ గోల? నీ మాటలే ఎవరికీ వినబడవు. ఏది పాడినా ఒకటే. నీకిష్టమొచ్చింది పాడుకో.”

పెద్దక్క దగ్గరికెళ్ళింది. అక్క ఆరిన బట్టలు మడతపెడుతోంది.

“రికార్డు చేసిన రోజున నీకు తెలుసా అక్కా, ఇందుకని?”

అక్క ఓ చొక్కా మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. “తెలుసు. ముందు రోజే చెప్పారాయన.”

“తెలిసే వాడి మొహం తుడిచావా?”

“ఈ ఇంట్లో బతకాల్సింది నేనే. గొడవలు నావల్ల కాదు. నాకు ముందే తెలుసని వాడికి మాత్రం చెప్పకే. వాడు నన్ను అలా చూడటం నేను భరించలేను.”

అనౌన్సరమ్మ చెప్పలేదు. వాడికి అమ్మ ఒకసారి పోయింది, రెండోసారి పోగొట్టే హక్కు నాకు లేదనుకుంది. అక్కని ఆ రోజు పల్లెత్తు మాటనలేదు. ఇంటికొచ్చి తలుపేసుకుని మాత్రం పళ్ళు నూరింది.

బ్యాండు వదిలేస్తుందనుకున్నారు అందరూ. వదిలేస్తే బావ చేతులు దులుపుకుని ఇంకో మెత్తటి గొంతు వెతుక్కుంటాడు. ఆమె వదల్లేదు. పక్కలో బల్లెంలా అక్కడే ఉండిపోయింది. ఇష్టమొచ్చింది పాడుకోమన్నాడు కదా, తర్వాతి షో నుంచి అదే చేసింది. బావ గోడలాంటి మోత లేపాడు, రంగులు పారాయి, ఆమె కళ్ళు మూసుకుని, మైకు పెదవులకి ఆనించి, తేనె పూసినంత తియ్యగా సాగదీసి పాడింది:

*తమ్ముడి చేతులు తెగ్గోసి, దొంగ బావా,*
*పెట్టెలో పెట్టి తిప్పుతున్నావు*
*రేకు వణికిన ప్రతిసారీ, దొంగ బావా,*
*నీ వెన్ను వణికి చావాలి*

ఒక్క మాట ఎవరికీ అందలేదు. జనం మత్తుగా ఊగారు. ఎన్నాళ్ళ తర్వాతో ఆ సాయంత్రం ఆమెకి కడుపు నిండినట్టయింది. ఇక ప్రతి షోకీ ఓ కొత్త చరణం. బావ జుట్టు రంగు వానలో కారిపోవాలని, ఇనప డబ్బాలన్నీ ఒకేసారి మొరాయించాలని, అతను గొప్పలు చెప్పుకునే ప్రతి సభలో ఎక్కిళ్ళు పట్టుకోవాలని పాడింది. పక్కనే నిలబడి బావ భక్తిగా వాయించేవాడు. ఒకసారి కాలేజీ అమ్మాయొకతె కళ్ళ నీళ్ళతో వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. “ఆ పాట వింటుంటే మా అమ్మమ్మ గుర్తొచ్చిందండీ.” ఆ పాట మొత్తం బావ గురక మీద. అనౌన్సరమ్మ ఆ పిల్ల తల నిమిరి పంపించింది. ‘మాటలకందని విషాదం’ అని పేపరాయన మళ్ళీ రాశాడు. బావ దాన్నీ గోడకి అంటించాడు.

కచ్చ ఒకసారి రుచి మరిగాక ఒకచోట ఆగదు. మెల్లగా అది పెద్దక్క మీదికీ వెళ్ళింది. మడతపెట్టిన ఆ చొక్కా కళ్ళ ముందు మెదిలినప్పుడల్లా చివర్లో ఇంకో చరణం వచ్చేది. మొహం మీద అనలేనిది పొగలో అనడం ఎంత సుఖమో ఆమెకి అలవాటైపోయింది. అది కూడా దొంగచాటు పనేనని ఆమెకి తట్టలేదు. తట్టినా ఆ వేడిలో ఒప్పుకునేది కాదు.

కానీ కసి తీరితేగా. ఇన్ని తిట్లు తిన్నా బావకి ఒక్క ఎక్కిలి రాలేదు, పైగా పేరొచ్చింది. పాత సినిమా హాలొకటి బాగుచేసి కచేరీలు పెడుతున్నారు, అక్కడ ఓ ఆదివారం మధ్యాహ్నం ‘మసక’కి పెద్ద షో దొరికింది. స్పీకర్లు మోసే బాధ లేదు. గిటారు తీగ, లాప్‌టాప్ తీగ, అన్నీ నేరుగా బోర్డులోకే, హాలు వెనక పెద్దక్క దగ్గరికే వెళ్తాయి. షో ముందు రోజు అక్క ఫోను చేసి, “తమ్ముణ్ణి కూడా తీసుకొస్తున్నా. నా పక్కన కూర్చోబెట్టుకుంటా” అంది. వాడి దరువుని బావ వాడి ముందే యంత్రమని చెప్పుకుంటాడా అని అనౌన్సరమ్మ నెత్తురు మరిగింది. రేపు కొత్త చరణాలేమీ అక్కర్లేదు, పాతవాటిలో ముదురువే ఏరి పాడాలనుకుంది.

హాలు నిండింది. మొదటి పాట ముందు ఎవరో కుర్రవాళ్ళు డ్రమ్స్ గురించి అడిగితే, “యంత్రాన్ని మనిషిలా వాయింపజెయ్యడానికి నాకు ఏడాది పట్టింది” అన్నాడు బావ మైకులో. చప్పట్లు కొట్టారు. వెనక బోర్డు దీపం వెలుగులో తమ్ముడు తలొంచుకుని గోళ్ళలోని గ్రీజు గీక్కుంటున్నాడు. పక్కన పెద్దక్క చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మీటల మీద వేళ్ళు ఆనించింది.

లాప్‌టాప్ మొదలైంది. డ్రమ్ము, దాని వెనకే రేకు. గిటారు లేచింది, బేసు లేచింది, రంగులు గోడంతా పాకాయి. అనౌన్సరమ్మ కళ్ళు మూసుకుని అందుకుంది. “తమ్ముడి చేతులు తెగ్గోసి…”

గిటారు పోయింది.

కాసేపు అదీ పాటలో భాగమనుకున్నారు జనం. తర్వాత బేసు పోయింది. తర్వాత ఆమె గొంతుకి కట్టిన ప్రతిధ్వని పోయింది. హాల్లో మిగిలింది రెండే, డ్రమ్స్, ఆమె గొంతు. షెడ్డులో లాగా, పొడిగా, ఎదురుగా నిలబడి చెబుతున్నట్టు “దొంగ బావా” అన్న మాట ఆఖరి వరస దాకా వెళ్ళి తగిలింది. ఊగుతున్నవాళ్ళు ఆగి కళ్ళు తెరిచారు.

బావ వంగి డబ్బాలు తొక్కాడు. ఒకదాని తర్వాత ఒకటి, మళ్ళీ మొదటినుంచి. తీగ లాగి చూశాడు, దులిపాడు, డబ్బాల మధ్య మోకాళ్ళ మీద కూలబడి వెతకసాగాడు.

అనౌన్సరమ్మకి పట్టలేనంత సంతోషం వచ్చింది. కళ్ళు తెరిచి, నిటారుగా నిలబడి, సాగదీయడం మానేసి, బస్టాండు గొంతుతో మళ్ళీ మొదటినుంచి పాడింది. చేతులు తెగ్గోసిన సంగతి, పెట్టెలో తిప్పుతున్న సంగతి, ఆదివారం మధ్యాహ్నం ప్రాక్టీసుకని మోసం చేసిన సంగతి. ప్రతి మాటా విడివిడిగా. జుట్టు రంగు దగ్గర ముందు వరస నవ్వింది. బావ లేచి “ఆపు” అంటున్నాడు, అతని మైకు కూడా పోయింది కాబట్టి ఆ మాట ఎటూ వెళ్ళలేదు. తన జీవితంలో ఇంత హాయైన పని ఇంకొకటి చేయలేదనుకుందామె.

అప్పుడు అక్క మీద కట్టిన చివరి చరణం ముందుకొచ్చింది. ఆమె ఆగిపోయింది. దరువు ఆగలేదు.

కాళ్ళ దగ్గర పాడేవాళ్ళ కోసం పెట్టిన చిన్న స్పీకరు ఉంటుంది, బోర్డు దగ్గర మనిషి అందులోంచి స్టేజీ మీదివాళ్ళతో మాట్లాడొచ్చు, హాలుకి వినబడదు. అందులోంచి అక్క గొంతు వచ్చింది.

“ఆగావేం? తర్వాతది పాడు.”

అనౌన్సరమ్మ బోర్డు వైపు చూసింది. అక్క హెడ్‌ఫోన్ల మీద వేలితో తట్టి చూపించింది. ఎవరి మైకు ఎలా ఉందో చూసుకోవడానికి బోర్డు మీద ఒక్కొక్కరికీ ఒక మీట ఉంటుంది. అది నొక్కితే మిగతా మోతంతా పోయి ఆ ఒక్క గొంతే చెవిలో పడుతుంది. షెడ్డు రోజులనుంచీ అనౌన్సరమ్మకి తెలిసిన విషయమే. ఎవరికీ వినబడట్లేదన్న ధీమాలో పడి మరిచిపోయింది.

“ప్రతి షోలోనూ నా చెవిలోనే పాడావు. ఎవరికీ వినబడదని. నా మొహం మీద అనడానికి నోరు రాక పొగలో దాక్కుని తిట్టావు. ఆయన మొహం మీద అనలేక నేను మీటల వెనక కూర్చున్నాను. ఇద్దరిలో ఎవరమూ తక్కువ కాదు. ఇప్పుడు పొగ తీసేశాను. పాడవే.”

ఆమె అడ్డంగా తలాడించింది. కళ్ళతోనే తమ్ముణ్ణి చూపించింది. వాడు తలెత్తి, నోరు తెరుచుకుని వింటున్నాడు. తన పేరు ఇన్నాళ్ళకి తన దగ్గరికి వచ్చినట్టు వాడి మొహం వెలిగిపోతోంది.

“వాడి కోసమే పాడమంటున్నా. సగం చెప్పి వదిలేస్తే నువ్వూ మీ బావలాంటిదానివే.”

ఆ ఆఖరి మాట సూటిగా వెళ్ళి తగిలింది. అనౌన్సరమ్మకి అక్క మీద జాలి ఒక్క చుక్క మిగిలి ఉంటే అది అప్పుడే ఆవిరైపోయింది. పాడమంటావా, పాడతాను అనుకుంది. పాడింది.

*రికార్డు మీట నొక్కింది ఎవరు, పెద్దక్కా,*
*సంగతి తెలిసీ నొక్కింది ఎవరు*
*తువ్వాలుతో చెమట తుడిచింది ఎవరు, పెద్దక్కా,*
*తుడిచి మొగుడికి అమ్మింది ఎవరు*

ముందు వరసలోంచి ఎవరో “ఎవరా తమ్ముడు?” అని గట్టిగా అడిగారు. పెద్దక్క ఇంకో మీట పైకి జరిపింది. బావ మైకు పనిచెయ్యడం మొదలైంది. అతని ఊపిరి హాలంతా వినబడింది. ఎటు చూసినా మొహాలే. బూట్ల వంక చూసుకున్నాడు. చివరికి, “డ్రమ్స్… వాయించింది మా బావమరిది. యంత్రం కాదు” అన్నాడు. ఆమె అడిగింది ఇదే. ఇందుకే ఇన్నాళ్ళు పళ్ళ బిగువున నిలబడింది. జనం వెనక్కి తిరిగి, బోర్డు దీపం పక్కన కూర్చున్న మనిషి వాడేనని పోల్చుకుని చప్పట్లు మొదలుపెట్టారు.

తమ్ముడు చప్పట్ల వైపు చూడలేదు. బావ వైపూ చూడలేదు. పెద్దక్క మొహంలోకి చూశాడు, తెలియనివాళ్ళని గుర్తుపట్టడానికి చూసినట్టు చాలాసేపు. అక్క హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది, కానీ చూపు తిప్పుకోలేదు. తర్వాత స్టేజీ మీదున్న చిన్నక్కని కూడా అలాగే చూశాడు. తెలిసీ ఇన్నాళ్ళు తన దగ్గర దాచింది ఆమె కూడానని వాడికి అర్థమైపోయింది. లేచి, కుర్చీ శబ్దం కాకుండా వెనక్కి జరిపి, తలుపు తీసుకుని బయటి ఎండలోకి వెళ్ళిపోయాడు. లోపల వాడి దరువు ఇంకా మోగుతూనే ఉంది. దాన్ని ఆపడానికి ఇద్దరక్కల్లో ఎవరికీ చెయ్యి రాలేదు.